బండి ఎక్కడికి పోయిందో చెప్పు, ఏ రంగు వెయ్యాలో చెప్తాను: మోడల్ ట్రక్కుల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మిలిటరీ ట్రక్కుల మోడళ్ల గురించే. నాకు చాలా సంతోషమేసింది. 1981లో ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవర్‌గా చేరి పదిహేడేళ్లు ఈ బండ్లతోనే బతికినవాణ్ణి. ఇప్పుడు తిరుపతిలో మా మిద్దె మీది గదిలో అవే బండ్లను అరచేతిలో పట్టేంత చేసుకుంటున్నాను. అన్ని ఉత్తరాలకూ చోటు చాలదు కాబట్టి ఆరు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పెద్దది. అది అర్థమైతే మిగతా చాలామందికి కూడా జవాబు దొరికినట్టే.

సార్, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. 1/35 స్కేలులో అమెరికన్ జీఎంసీ రెండున్నర టన్నుల ట్రక్కు కిట్ కట్టాను. ఆలివ్ గ్రీన్ కొట్టి, అంచులన్నిటికీ సిల్వర్ రాసి, అక్కడక్కడ తుప్పు చుక్కలు పెట్టాను. టైర్లకు నల్ల రంగు వేశాను. అంతా అయ్యాక చూస్తే తిరునాళ్లలో కొన్న బొమ్మలా ఉంది. తప్పు ఎక్కడ జరిగింది? — ఒక విద్యార్థి, తిరుపతి

నాయనా, నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. కట్టడం చాలా బాగా కట్టావు. అతుకులు కనపడకుండా ఉప్పు కాగితంతో రుద్దిన తీరు చూస్తేనే నీ ఓపిక తెలుస్తోంది. కానీ ఆ బండి ఏ దారిన పోయింది, ఏ నెలలో పోయింది, ఏం మోసింది అన్నది తేల్చుకోకుండానే బ్రష్ పట్టుకున్నావు. అందుకే మరకలన్నీ ఎక్కడ పడితే అక్కడ పడ్డాయి.

జీఎంసీ అన్నావు కదా, దాని సంగతే చూద్దాం. 1941 నుంచి 1945 వరకు ఆ ట్రక్కులు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. 1944లో నార్మండీ తీరంలో దిగిన సైన్యం ఫ్రాన్స్‌లోకి వేగంగా దూసుకుపోయింది. రైలు మార్గాలు బాంబులకు దెబ్బతిని ఉన్నాయి. పెట్రోలు, మందుగుండు, తిండి అన్నీ వెనకే ఉండిపోయాయి. అప్పుడు పెట్టిందే రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అనే ట్రక్కుల కాన్వాయ్ ఏర్పాటు. ఆగస్టు 25న మొదలై నవంబర్ 16 దాకా రాత్రీ పగలూ నడిచింది. ముమ్మరంగా నడిచిన రోజుల్లో దాదాపు 6,000 బండ్లు తిరిగాయి, రోజుకు 12,500 టన్నుల వరకు సరుకు మోశాయి. డ్రైవర్లలో నూటికి డెబ్బై అయిదు మంది దాకా నల్లజాతి సైనికులే. సరుకుతో పోవడానికి ఒక దారి, ఖాళీగా తిరిగి రావడానికి ఇంకో దారి కేటాయించారు. మన కొండకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు ఉన్నట్టే. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది కూడా ఆ 1944లోనే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇందులోంచి నీ బండికి ఒక తేదీ దొరుకుతుంది. ఆగస్టు చివరైతే ఎండ, దుమ్ము. నవంబరైతే వాన, బురద. ఏదో ఒకటి ఎంచుకో. నన్నడిగితే ఆగస్టు ఎంచుకో, మొదటిసారి చేసేవాళ్లకు దుమ్ము తేలిక. కాన్వాయ్‌లో పోయే బండి ముందు బండి లేపిన దుమ్మంతా తింటుంది. నేను రాజస్థాన్‌లో కాన్వాయ్‌లో నాలుగో బండిగానో అయిదో బండిగానో పోయిన రోజుల్లో సాయంత్రానికి రేడియేటర్ జాలీ, బానెట్ ముందు భాగం, అద్దం కింది అంచు పిండి చల్లినట్టు అయ్యేవి. వెనక తలుపు కూడా అంతే, ఎందుకంటే బండి పరుగెత్తేటప్పుడు దాని వెనక గాలి సుడి తిరిగి సొంత చక్రాలు లేపిన దుమ్మును వెనక్కే లాక్కుంటుంది. తలుపుల పై భాగం మాత్రం కాస్త శుభ్రంగానే ఉంటుంది.

ఇక తుప్పు. నీ బండి వయసు ఎంత? యుద్ధం కోసం చేసిన బండి, మహా అయితే రెండు మూడేళ్లు. అంత కొత్త బండికి తలుపు మధ్యలో తుప్పు పట్టదు. గీత పడితే లోపలి ప్రైమరో, మెరిసే రేకో కనపడుతుంది. నాలుగు వానలు పడితే ఆ గీత సన్నగా ఎర్రబడుతుంది, అంతే. త్వరగా తుప్పు పట్టేది సైలెన్సర్. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి దాని మీద రంగు ముందే కాలిపోతుంది. నీ దగ్గరున్న తుప్పు రంగంతా అక్కడ ఖర్చు పెట్టు. ఇంకో సంగతి. ఇనుము పొదుపు చెయ్యడం కోసం ఈ ట్రక్కుల్లో చాలావాటికి వెనక తొట్టి చెక్కతోనే చేశారు. నీ కిట్‌లో తొట్టి పలకల మీద చెక్క నారలు చెక్కి ఉంటే అది చెక్క తొట్టి. దాని మీద నువ్వు తుప్పు చుక్కలు పెట్టావు. చెక్కకు తుప్పు పట్టదు నాయనా. అక్కడ రంగు లేస్తే పాత తలుపు చెక్కలా లేత గోధుమ, బూడిద కలిసిన రంగు కనపడాలి.

అంచులన్నిటికీ సిల్వర్ రాయడం మానేయ్. మనిషి చెయ్యి, బూటు, గొలుసు తగిలే చోటే రంగు పోతుంది. డ్రైవర్ ఎక్కే మెట్టు, తలుపు పిడి చుట్టూ, బానెట్ క్లిప్పుల దగ్గర, వెనక తలుపు గొలుసు ఊగి తగిలే చోట. ఆ గొలుసు గీతలు వంపుగా, చంద్రవంకలా ఉంటాయి, తిన్నగా ఉండవు. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమ వైపు అన్నది మర్చిపోవద్దు. నువ్వు మన లారీ లెక్కన కుడి మెట్టును ఎక్కువ అరగదీశావు.

చుక్క పెట్టే ముందు ప్రతిసారీ 35తో గుణించు. నువ్వు పెట్టిన ఒక మిల్లీమీటరు చుక్క నిజం బండి మీద మూడున్నర సెంటీమీటర్ల మచ్చ. నీ ఫొటోలో బానెట్ మీద మూడు మిల్లీమీటర్ల చుక్కలు ఉన్నాయి. అంటే జానెడులో సగం పెచ్చులు ఊడినట్టు. ఈ ఒక్క లెక్క మనసులో ఉంటే చెయ్యి దానంతట అదే తేలికవుతుంది.

ఇప్పుడు బొమ్మను బండిగా మార్చే పని. దీన్ని వాష్ అంటారు. ఒక్క రివెట్ దగ్గర ఎలా చెయ్యాలో చెప్తాను, మిగతావన్నీ అలాగే. ముందు రంగు మీద గ్లాస్ వార్నిష్, అంటే మెరుపునిచ్చే వార్నిష్, పలచగా కొట్టి ఒక రోజు ఆరనివ్వు. ఆర్ట్ సామాన్ల షాపులో బర్న్ట్ అంబర్ ఆయిల్ కలర్ ట్యూబ్ కొను, క్యామెల్‌ది చాలు. శనగ బద్దంత రంగు అట్టముక్క మీద పెట్టి అరగంట వదిలెయ్. అట్ట నూనెను పీల్చుకుంటుంది, చుట్టూ నూనె మరక వలయంలా కనపడుతుంది. మిగిలిన రంగు త్వరగా ఆరుతుంది, మెరవదు. దాన్ని టర్పెంటైన్‌లో కలుపు, రంగు ఒక పాలు, టర్పెంటైన్ తొమ్మిది పాళ్లు. పలచని టీ డికాక్షన్‌లా ఉండాలి. అన్నిటికంటే సన్నని బ్రష్ అందులో ముంచి, గుడ్డకు ఒకసారి తాకించి, మొన మాత్రం రివెట్ పక్కన ఆనించు. గీయొద్దు, ఆనించు చాలు. గ్లాస్ వార్నిష్ నునుపు మీద ఆ చుక్క దానంతట అదే రివెట్ చుట్టూ పరుగెత్తి సన్నని నల్లటి ఉంగరంలా నిలబడుతుంది. పది మందికి చూపించాలనిపించే క్షణం అది. ఇరవై నిమిషాలాగి, టర్పెంటైన్‌లో తడిపి పిండిన వెడల్పు బ్రష్‌తో పై నుంచి కిందికి ఒక్కసారి దువ్వు. నిలువు పలకల మీద వాన నీళ్లు ఎటు జారతాయో అటే దువ్వాలి. అదనపు రంగు పోయి రివెట్ కింద లేత చార మిగులుతుంది.

కింద వేసిన రంగు యాక్రిలిక్ కాబట్టి టర్పెంటైన్ దాన్ని కరిగించదు. థిన్నర్ మాత్రం కరిగిస్తుంది. మొదట్లో టర్పెంటైన్ అయిపోయి, దగ్గరున్న థిన్నర్‌తో వాష్ చేశాను. నెల రోజులు కష్టపడి వేసిన క్యాబిన్ రంగు రెండు నిమిషాల్లో ముద్దగా ఊడి వచ్చింది. సీసాల మీద పెద్ద అక్షరాలతో పేరు రాసుకో.

టైర్లకు నలుపు వద్దు. ముదురు బూడిద వెయ్యి. నేలకు ఆనే భాగం ఇంకా లేత. పట్టీల సందుల్లో మట్టి ఉంటుంది, పట్టీల పైన ఉండదు, రోడ్డు దాన్ని తుడిచేస్తుంది. దీన్ని కళ్లతో చూడాలంటే జూన్, జూలైలో ఒకసారి చిత్తూరు వైపు వెళ్లు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయలతో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. డ్రైవర్లకు చెప్పి మడ్‌గార్డు కింద తొంగి చూడు. పాత మట్టి గట్టిగా, లేతగా. దాని మీద కొత్త మట్టి ముదురుగా, తడిగా. చక్రం విసిరిన వంపులో పొరలు పొరలుగా. హబ్ దగ్గర గ్రీజు కారి, దానికి దుమ్ము అంటుకుని నల్లగా ముద్ద కట్టి ఉంటుంది. డీజిల్ ట్యాంకు మూత కింద నాలుక చాపినట్టు ఒక మరక. ఫోన్‌లో దగ్గరగా ఫొటోలు తీసుకో. నా దగ్గర అలాంటివి నాలుగు వందలు ఉన్నాయి, ప్రతి మోడల్‌కూ ముందు అవే తెరుస్తాను.

ఇప్పుడున్న బండిని పారెయ్యకు. సిల్వర్ మీద మళ్లీ ఆకుపచ్చ వేసి, అందులో కాస్త పసుపు, తెలుపు కలిపిన లేత రంగును బానెట్, క్యాబిన్ పై భాగం మధ్యలో పలచగా కొట్టు. ఎండకు పై భాగమే వెలుస్తుంది కదా. అక్కడి నుంచి మొదలుపెట్టు.

అన్నా, మోడల్ మీద పూయడానికి బయట కొనే పిగ్మెంట్ పొడులు ఖరీదు. మా ఊరి ఎర్రమట్టి వాడితే తప్పా? — ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

తప్పు కాదు తమ్ముడూ. కాకపోతే రెండు విషయాలు. మొదటిది రేణువు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో దాదాపు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల కంకర రాయి. అందుకని మట్టిని బాణలిలో వేయించి తడి పోగొట్టి, రోట్లో మెత్తగా నూరి, పలచటి గుడ్డలో రెండుసార్లు జల్లించాలి. గుడ్డ కింద పడిన పొడి ముఖానికి రాసుకునే పౌడర్‌లా ఉంటే పనికొస్తుంది. వేయించడం మాత్రం మానొద్దు. పచ్చి మట్టిలో వేరు ముక్కలు, బూజు ఉంటాయి, వానాకాలంలో అద్దాల పెట్టె లోపల బూజు లేస్తుంది.

రెండోది రంగు. మన మట్టి ఎరుపు దానిలోని ఇనుము వల్ల వచ్చింది. నీ బండి మన దగ్గర తిరిగిన బండి అయితే ఆ ఎరుపే దానికి అందం. అదే ఫ్రాన్స్‌లో తిరిగిన బండి మీద పూస్తే, బండ్ల సంగతి తెలిసినవాడు చూడగానే ఇది రేణిగుంట రోడ్డు అంటాడు. దానికి డ్రాయింగ్ చాక్ పాస్టెల్స్ ఉప్పు కాగితం మీద అరగదీసి లేత గోధుమ, బూడిద పొడులు చేసుకో. పది రూపాయల సుద్ద ముక్క కూడా పనికొస్తుంది.

పొడిని పొడి బ్రష్‌తో మడ్‌గార్డుల్లో, మూలల్లో పెట్టి, టర్పెంటైన్ చుక్కను పక్కన ఆనించు. అదే పాకి పొడిని పట్టుకుంటుంది. పైన వార్నిష్ స్ప్రే కొట్టొద్దు. కొడితే నీ దుమ్ములో సగం మాయమవుతుంది. బురద కావాలంటే అదే పొడిలో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ చిటికెడు, మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొంచెం కలిపి పాత టూత్‌బ్రష్‌తో చక్రం తిరిగే దిక్కునే చిలకరించు. ఇక్కడా 35తోనే లెక్క. మిల్లీమీటరు మందం బురద అంటే మూడున్నర సెంటీమీటర్లు. అంత మందం మడ్‌గార్డు లోపల ఉంటుంది, తలుపు మీద ఉండదు.

సార్, గత నవంబర్‌లో మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టాను. ఆరిన తర్వాత ట్రక్కు అంతా తెల్లగా బూజు పట్టినట్టు అయింది. డబ్బా పాతదా, నేను తప్పు చేశానా? — ఒక పాఠకుడు, పుత్తూరు

డబ్బా తప్పు కాకపోవచ్చు. మనకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, ఆ రోజుల్లో గాలి నిండా తేమే. స్ప్రేలోని థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు రంగు పైపొర చల్లబడుతుంది. చల్లని గ్లాసు మీద నీళ్లు పట్టినట్టే దాని మీద గాలిలోని తేమ దిగుతుంది, ఆ నీరు వార్నిష్‌లో చిక్కుకుని తెల్లగా కనపడుతుంది. నాకూ ఒక కార్తీక మాసంలో ఇదే జరిగింది. తుపాను ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేదు. ప్రదర్శనకు ఇవ్వాల్సిన బండి అని టెన్షన్ పడి ఆ ముసురులోనే కొట్టేశాను. రెండు నెలల పని పొగమంచులో పెట్టినట్టయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎండ బాగా కాసిన రోజు పదకొండు గంటల తర్వాత అదే వార్నిష్ మళ్లీ చాలా పలచగా కొట్టి చూడండి. కొత్త పొరలోని థిన్నర్ పాత పొరను కాస్త కరిగించి, చిక్కిన తేమను బయటికి వదులుతుంది. చాలాసార్లు అలాగే పోతుంది. నా బండి జనవరిలో అలాగే బాగైంది. ముందు ఏదైనా లోపలి భాగం మీద ప్రయత్నించి చూడండి. డబ్బాను కొట్టే ముందు గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు నిలబెడితే స్ప్రే సన్నగా వస్తుంది. గోరువెచ్చగా అంటే చెయ్యి పెట్టగలిగేంత, అంతకు మించి వద్దు. స్టవ్ దగ్గరికి అసలు తీసుకుపోవద్దు, డబ్బా పేలుతుంది.

మే నెలలో దీనికి పూర్తిగా తిరగబడిన కష్టం. నలభై డిగ్రీల ఎండలో స్ప్రే తుంపర దారిలోనే ఆరిపోయి బండి మీద ఇసుక చల్లినట్టు పడుతుంది. అప్పుడు తెల్లవారి ఆరింటికే పని ముగించుకోండి, డబ్బా పదిహేను ఇరవై సెంటీమీటర్ల దూరంలోనే పట్టుకోండి.

అయ్యా, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. సెల్ ఫోన్ వదిలి ఈ బొమ్మల మీద పడ్డాడని సంతోషమే కానీ ఇల్లంతా థిన్నర్ వాసన. మాది రెండు గదుల ఇల్లు. ప్రమాదం ఏమీ లేదు కదా? — ఒక తల్లి, తిరుపతి

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. ప్రమాదం ఉంది, కానీ తప్పించుకోవచ్చు. థిన్నర్, స్ప్రే డబ్బా ఇంట్లో వాడనివ్వొద్దు. మిద్దె మీదే వాడమనండి. ఆ ఆవిరి తల తిప్పుతుంది, రోజూ పీలిస్తే నరాలకూ కాలేయానికీ మంచిది కాదు. ముక్కుకు గుడ్డ మాస్కు కట్టుకుంటే దుమ్మును ఆపుతుందేమో కానీ ఆవిరిని ఆపదు. పెయింటర్లు వాడే కార్ట్రిడ్జ్ మాస్కు కొనివ్వండి. ఆ ఆవిరి వెంటనే అంటుకునే రకం. గ్యాస్ స్టవ్ వెలుగుతున్నా, దేవుడి గదిలో దీపం వెలుగుతున్నా మూత తియ్యకూడదు. టర్పెంటైన్ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడెయ్యకుండా బయట పరిచి ఆరెయ్యమనండి.

వాడికి నా తరఫున ఒక మాట చెప్పండి. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులతో, బ్రష్‌తోనే చాలా మంచి బండ్లు చెయ్యొచ్చు. రెండు పలచని పొరలు, ఒక్కో దానికి మధ్య గంట. థిన్నర్ అవసరమే రాదు. ఉప్పు కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు. బ్రష్ మొనను నోట్లో పెట్టుకుని సన్నం చేసే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి.

డీకాల్ స్టిక్కర్ అతికించాక చుట్టూ తెల్లటి పొర మెరుస్తోంది. పోగొట్టేదెలా? — ఒక పాఠకుడు, పలమనేరు

గరుకు రంగు మీద అతికించారు. స్టిక్కర్ కింద గాలి చిక్కింది. ఇకపై గ్లాస్ వార్నిష్ కొట్టాకే అతికించండి. ఇప్పుడున్నదాన్ని సూది మొనతో నాలుగైదు చోట్ల పొడిచి, డీకాల్ మెత్తబరిచే ద్రావకం చుక్క వెయ్యండి. అది దొరక్కపోతే తెల్ల వెనిగర్ సగం నీళ్లతో కలిపి వాడండి. తడి దూదితో నొక్కి, రాత్రంతా వదిలెయ్యండి.

అన్నా, మా నాన్న ఆర్మీలో శక్తిమాన్ ట్రక్కు నడిపారు. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగేళ్లు. రాజస్థాన్‌లో బండి పక్కన నిలబడి తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో ఒకటే ఉంది. ఆ బండి చేసి ఆయన చేతిలో పెట్టాలని ఉంది. ఎంత వెతికినా నాకు కిట్ దొరకలేదు. ఎలా చెయ్యాలి? — ఒక కూతురు, చిత్తూరు

చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను స్టీరింగ్ పట్టిన మొదటి బండి కూడా అదే. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్స్ మీద జబల్‌పూర్‌లో చేసిన బండి అది. గుండ్రటి మడ్‌గార్డులు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. తర్వాత వచ్చిన స్టాలియన్‌కు ఆ ముక్కు లేదు, ముందు భాగం చదునుగా ఉంటుంది.

కిట్ లేకపోయినా చెయ్యొచ్చు. చక్రాలు, ఇరుసులు, ఛాసిస్ కోసం ఏదైనా నాలుగు చక్రాల మిలిటరీ ట్రక్కు కిట్ కొనుక్కో. క్యాబిన్, తొట్టి నువ్వే కట్టాలి. ఫ్లెక్స్ బోర్డులు చేసే షాపుల్లో తెల్లటి సన్‌బోర్డు తునకలు దొరుకుతాయి, మందం తక్కువది అడుగు. తొట్టికి అది చాలు. క్యాబిన్‌కు పలచని ప్లాస్టిక్ షీటు కావాలి. కొలతలకు నాన్నగారే స్కేలు. ఆయన ఎత్తు 170 సెంటీమీటర్లు అనుకుందాం, 1/35లో అది 4.86 సెంటీమీటర్లు. ఫొటోను జిరాక్స్ షాపులో పెద్దదో చిన్నదో చేయించి, అందులో నాన్న సరిగ్గా అంతే ఎత్తు ఉండేట్టు చూసుకో. ఆయన బండికి ఆనుకునే నిలబడి ఉంటే, పక్కనున్న చక్రం, తలుపు, తొట్టి ఎత్తు అన్నీ నేరుగా స్కేలుతో కొలుచుకోవచ్చు. కెమెరాకు దూరంగా పోయే భాగాలు చిన్నగా కనపడతాయి, వాటిని ఆ కొలతతో నమ్మొద్దు.

రంగు మొదలుపెట్టే ముందు నాన్న దగ్గర కూర్చో. బండి ఏం మోసేది, ఏ మడ్‌గార్డు సొట్ట పోయింది, సీటు మీద ఏం పరుచుకునేవారు, అడుగు. చెయ్యబోయేది చెప్పకుండా ఊరికే మాటల్లో అడుగు. డ్రైవర్‌కు తన బండి సొట్టలన్నీ జీవితాంతం గుర్తుంటాయి. నా బండికి ఎడమ తలుపు కింది అంచున ఒక సొట్ట ఉండేది, ఇప్పటికీ వేలితో చూపించగలను.

ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకో. యూనిట్‌లో ఉన్న బండి మురికిగా ఉండదు. మెయింటెనెన్స్ రోజు కడిగి, గ్రీజు పెట్టి, తుడిచి నిలబెడతాం. మురికి బండి అంటే డ్రైవర్‌కు మాట. కాబట్టి మీ నాన్న బండిని తుప్పుతో, బురదతో నింపొద్దు, ఆయన నొచ్చుకుంటారు. ఫొటోలో ఎడారి ఉంది కాబట్టి రెండు దారులున్నాయి. అప్పుడే బయల్దేరిన శుభ్రమైన బండి ఒకటి. ఎక్సర్‌సైజ్‌లో, అంటే యుద్ధ విన్యాసాల్లో, ఉన్న బండి ఇంకొకటి. ఎక్సర్‌సైజ్‌కు పోయే ముందు ఇసుకలో కలిసిపోవడానికి ఆకుపచ్చ మీద మట్టి కలిపి గోనెపట్టాతో పూసేవాళ్లం. ఆ పూత సమంగా ఉండదు. చెయ్యి అందేంత వరకే ఉంటుంది, ఎండాక పెళుసై పెచ్చులుగా రాలుతుంది, తలుపు పిడి చుట్టూ మన చేతులకే తుడుచుకుపోతుంది. ఆకుపచ్చ మీద హెయిర్ స్ప్రే కొట్టి, ఆరాక పలచని ఇసుక రంగు యాక్రిలిక్ వేసి, అరగంటలోపు తడి బ్రష్‌తో రుద్దితే హెయిర్ స్ప్రే కరిగి పై రంగు అచ్చం అలాగే రాలుతుంది. ఏది వెయ్యాలో ఫొటో చూసి నువ్వే తేల్చుకో.

నంబర్ ప్లేటు మీద మొదట పైకి చూసే బాణం, తర్వాత సంవత్సరానికి రెండంకెలు, ఒక అక్షరం, అంకెలు, చివర ఇంకో అక్షరం వస్తాయి. ఫొటోలో కనపడిన నంబరే వెయ్యి. కనపడని అంకెలు ఊహించి రాయకు, నాన్నను అడుగు. చాలామందికి నోటికి వచ్చు.

ఇక వెనక్కి తిప్పి చూడు. వెనక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. దానికి తెల్ల రంగు వెయ్యి. రాత్రి హెడ్‌లైట్లు ఆర్పి కాన్వాయ్ నడిచేటప్పుడు ముందు బండి కింద చిన్న దీపం ఆ తెల్ల గుండు మీద పడేది. వెనక డ్రైవర్‌కు రోడ్డు కనపడదు, ఆ తెలుపు ఒక్కటే కనపడుతుంది. దాన్నే చూస్తూ గంటలు గంటలు నడిపాం. ఆ తెలుపును మాత్రం పూర్తి తెల్లగా ఉంచకు. కింది సగానికి లేత దుమ్ము, ఆయిల్ ప్లగ్ దగ్గర ఒక్క గోధుమ రంగు చార. బండి నాన్న చేతిలో పెట్టినప్పుడు ఆయన మొదట తిరగేసి అక్కడే చూస్తారు.